1989 నాటి ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు: కొని, విప్పి, బోల్టులు బిగించుకున్న నా అనుభవం

ఫిబ్రవరి చివర్లో డబ్బు కట్టాను. అది నా చేతికి సరిగ్గా పలకడానికి ఏప్రిల్ మూడో వారం అయింది. ఇప్పుడు ఇది రాస్తున్నది దాని మీదే. పాత స్ప్రింగుల కీబోర్డు కొందామనుకుంటున్న వాళ్లు ఈ మధ్య ఫోన్ చేసి అడుగుతున్నారు, "అంత బాగుంటుందా, అంత ఖర్చు ఎందుకయింది, తెచ్చుకోగానే వాడుకోవచ్చా" అని. తెచ్చుకోగానే వాడుకోలేకపోయాను. ఎందుకో వరసగా చెబుతాను.

నేను ఒహాయోలో, కొలంబస్‌లో ఉంటాను. ఇంటి నుంచే తెలుగు అనువాదాలు, సబ్‌టైటిళ్లు చేస్తాను. రోజుకి ఆరేడు గంటలు టైపింగే, అదీ తెలుగు కీల అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో. ల్యాప్‌టాప్ కీబోర్డు మీద ఏడాదికి పైగా పని చేశాక వేళ్ల కొసలు మండటం మొదలైంది. సాయంత్రానికి గిన్నె పట్టుకోవాలన్నా చూపుడువేలు నొప్పి. నాన్నకి ఫోన్లో చెబితే వెంటనే పట్టుకున్నారు. తెనాలిలో చాలా ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి ఆయన. లోయర్, హయ్యర్ పరీక్షలకి ఎంతమందిని పంపారో లెక్కలేదు. "అక్షరం పడిందని నీ వేలికి తెలియట్లేదమ్మా. తెలియకే ప్రతిసారీ అడుగుదాకా గుద్దుతున్నావు. మిషన్ మీద అయితే ఎక్కడ ఆపాలో చేతికే తెలిసేది" అన్నారు.

ఆ మాట పట్టుకుని వెతికాను. ముందు మా మరిది దగ్గరున్న చెర్రీ బ్రౌన్ స్విచ్‌ల కీబోర్డు తెచ్చి పది రోజులు వాడాను. చిన్న గతుకు తగులుతుంది, అంతే. వేగంగా కొడుతుంటే ఆ గతుకు కూడా తెలియదు. అప్పుడు వాడే అన్నాడు, "వదినా, నీకు కావాల్సింది బక్లింగ్ స్ప్రింగ్. పాత ఐబీఎంది చూడు" అని.

మోడల్ ఎం 1985లో వచ్చింది. అంతకుముందు 1981లో ఐబీఎం పీసీతో వచ్చినది మోడల్ ఎఫ్. దాంట్లోనూ ఇవే స్ప్రింగులు, అడుగున మాత్రం కెపాసిటివ్ అనే వేరే రకం సర్క్యూట్ బోర్డు. ఎఫ్ ఇంకా తేలిగ్గా పలుకుతుందని వాడినవాళ్లు అంటారు. కానీ ధర ఎక్కువ, కీల అమరిక మనకి అలవాటైనది కాదు. ఎం అయితే ఇవాళ్టి అమరికే: 101 కీలు, పైన ఎఫ్1, ఎఫ్2 కీల వరస, కుడివైపు నంబర్లు. అందుకే ఎం వైపే మొగ్గాను. దాంట్లోనూ 1391401 అనే పార్ట్ నంబరున్నది కావాలనుకున్నాను. బాగా దొరికే రకం అదే. పైగా తీగ విడిగా ఊడివస్తుంది కాబట్టి తీగ పాడైతే కీబోర్డు మొత్తం పోదు.

ఆన్‌లైన్ వేలంలో రెండు నా చేతికి రాకుండా పోయాయి. మూడోది ఫిబ్రవరి చివరి వారంలో 95 డాలర్లకి దక్కింది. షిప్పింగ్ మరో 32. రెండు కిలోల పైన బరువుంటుంది మరి, లోపలంతా ఉక్కు పలక. అమ్మిన మనిషి "పరీక్షించాను, బాగా పని చేస్తోంది" అని రాశాడు. వెనక లేబుల్ ఫొటో అడిగితే పంపాడు. 1989లో తయారైంది. అంటే ఐబీఎం ఇంకా సొంతంగా చేస్తున్న రోజులవి. 1991లో ఆ వ్యాపారం లెక్స్‌మార్క్ పేరుతో విడిపోయింది. 1996 నుంచి యూనికాంప్ అనే సంస్థ లెక్స్‌మార్క్ ఉన్న ఊళ్లోనే, కెంటకీలోని లెక్సింగ్టన్‌లో, ఇవే స్ప్రింగులతో కొత్తవి చేసి అమ్ముతోంది. ఆ ఊరు మాకు కారులో మూడు గంటల దూరం. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని మావారు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. పాత దాని ఉక్కు పలక, బరువు నాకు కావాలనిపించింది. అందుకే వినలేదు.

పార్సెల్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. పెట్టెలో రెండు న్యూస్‌పేపర్లు తప్ప ఏమీ లేవు. పెట్టె ఊపితే లోపల మినపగింజలు కదిలినట్టు చప్పుడు. ఆ చప్పుడు వినగానే గుండె జారింది. ఎందుకంటే అదేమిటో అప్పటికే చదివి ఉన్నాను.

ఈ కీబోర్డు లోపల కథంతా ఆ చప్పుడులోనే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ప్రతి కీ కింద ఒక గొట్టం, గొట్టంలో సన్నటి స్ప్రింగు, స్ప్రింగు అడుగున చిన్న ప్లాస్టిక్ సుత్తి. కీ నొక్కుతున్న కొద్దీ స్ప్రింగు కుదించుకుంటుంది. ఒక చోటికి వచ్చాక ఇక కుదించుకోలేక పక్కకి వంగిపోతుంది. వంగిన ఆ ఊపుకి కింద సుత్తి ఒరిగి మెంబ్రేన్ షీటు (కరెంటు గీతలున్న పల్చటి ప్లాస్టిక్ షీటు) మీద కొడుతుంది. అక్షరం పడుతుంది. చప్పుడు, వేలికి తగిలే తేలిక, తెరమీద అక్షరం మూడూ ఒక్క కదలిక నుంచే వస్తాయి. విడిగా చప్పుడు కోసం పెట్టిన భాగం ఏదీ లేదు. ఐబీఎంలో రిచర్డ్ హారిస్ అనే ఇంజనీరు దీన్ని కనిపెట్టారు.

ఇదంతా సరిగ్గా జరగాలంటే పైన గొట్టాల ప్లాస్టిక్ పలక, మధ్యలో రబ్బరు షీటు, మెంబ్రేన్, అడుగున వంపు తిరిగిన ఉక్కు పలక ఒకదానికొకటి గట్టిగా అదిమి ఉండాలి. అలా పట్టి ఉంచేవి ప్లాస్టిక్ రివెట్లు, యాభై పైచిలుకు. ప్లాస్టిక్ పలకకే ఉన్న బొడిపెలు ఉక్కు పలక చిల్లుల్లోంచి దూర్చి, తలలు కరిగించి నొక్కినవి. ముప్పై ఏళ్లు దాటాక ఆ తలలు పెళుసెక్కి ఊడిపోతాయి. లోపల గలగలలాడుతున్నవి అవే.

మార్చి మొదటి వారంలో తీగ తగిలించి చూశాను. అన్ని కీలూ పని చేస్తున్నాయి, ఆ మాట నిజమే. అమ్మిన మనిషి చెప్పింది తప్పు కాదు. కానీ పై వరసలో "టక్"మని తెగే శబ్దం కింది వరసకి వచ్చేసరికి "తప్"మని చచ్చుగా వస్తోంది. కింది వరస కీలని వేలితో బలంగా అదిమితే గానీ అక్షరం పడట్లేదు. స్ప్రింగు వంగినట్టు వేలికి తెలుస్తుంది, తెరమీద ఏమీ ఉండదు. ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లకి దీని అర్థం ఏమిటో చెప్పక్కర్లేదు. కింది వరసలో ఉన్నవి సున్నా, మ, న, వ, ల, స. వీటిల్లో ఒక్కటి లేకుండా తెలుగులో ఒక వాక్యం రాయడం కష్టం. రోజంతా కొట్టి చూస్తే "మనవాళ్లు" అనే మాట ఒక్కసారి కూడా తిన్నగా రాలేదు.

ఈ రివెట్లు ఊడిన కీబోర్డు మీద పది నిమిషాలు కొట్టి "ఇంతేనా ఐబీఎం స్ప్రింగు" అని పెదవి విరిచేవాళ్లని చూశాను. వాళ్లు కొట్టి చూసింది స్ప్రింగుని కాదు, వదులైన పలకని. ఈ ఒక్క విషయం నాకు ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఆ వారమంతా అంత బెంగ పడేదాన్ని కాదు. నిద్ర పట్టలేదు నాకు. 127 డాలర్లు నీళ్లలో పోశానా అని ఒక టెన్షన్, నాన్నకి ఏం చెప్పాలని ఇంకో టెన్షన్.

దీనికి మందు ఉంది, దాన్ని బోల్ట్ మాడ్ అంటారు. రివెట్లన్నీ తీసేసి, వాటి చోట సన్నటి చిల్లులు వేసి, ఎం2 సైజు స్క్రూలు, నట్లు బిగించడం. చేసిపెట్టేవాళ్లని ఒకరిని అడిగాను. కీబోర్డు ధరకంటే ఎక్కువ చెప్పారు, పైగా రెండు నెలలు ఆగాలన్నారు. మావారు, "ఇంట్లో డ్రిల్ ఉంది, శనివారాలు ఖాళీగా ఉంటున్నాను, మనమే చేద్దాం" అన్నారు. ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది.

మొదటి చిన్న అడ్డంకి కేసు దగ్గరే. నాలుగు స్క్రూలే, కానీ షట్కోణపు తల, 5.5 మి.మీ. సైజు, అవి లోతైన సన్నటి గుంటల్లో ఉంటాయి. ఇంట్లో ఉన్న సాకెట్ల సెట్టులో ఆ సైజు ఉంది. గోడ మందంగా ఉండి గుంటలోకి దిగలేదు. సన్నగా, పొడుగ్గా ఉండే నట్ డ్రైవర్ విడిగా కొనాలి. 9 డాలర్లు, వచ్చేసరికి నాలుగు రోజులు. ఇది ముందే తెప్పించి పెట్టుకోండి.

కీక్యాపులు లాగితే కింద 35 ఏళ్ల ఆఫీసు జీవితం ఉంది. స్టేప్లర్ పిన్నులు, పెన్సిల్ పొట్టు, తెల్లవెంట్రుకలు, ఎంటర్ కీ కింద ఎండిపోయిన కాఫీ మరక. క్యాపులన్నీ గిన్నెల సబ్బు వేసిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాను. అవి పీబీటీ ప్లాస్టిక్. అక్షరాలు రంగు లోపలికి ఇంకేలా అద్దినవి. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంగ్లిష్ 'ఇ', 'ఎ' లాంటి బాగా వాడే కీల మీద అక్షరం చెక్కు చెదరలేదు. రెండు రోజులు గుడ్డ మీద ఆరనిచ్చాను. లోపల తడి ఉంటే ప్రమాదం.

మార్చి మూడో వారం రివెట్లు. ఉక్కు పలక వైపు తిప్పి, పదునైన ఉలితో ఒక్కో తలా చెక్కేయడం. కళ్లద్దాలు పెట్టుకోవాలి, ముక్కలు ఎగిరి కళ్ల మీదకి వస్తాయి. మా దాంట్లో కింది వైపు తలల్లో సగానికి పైగా అప్పటికే లేవు. ఉక్కు పలక మెల్లగా ఎత్తితే మెంబ్రేన్, దాని కింద పల్చటి రబ్బరు షీటు, ఆ కింద వరసగా నూట ఒక్క సుత్తులు, స్ప్రింగులతో సహా. అప్పటిదాకా చదివిందంతా ఒక్కసారి కళ్ల ముందు పరుచుకుంది. ఒక సుత్తిని చేతిలోకి తీసుకుని వేలితో స్ప్రింగు కొస నొక్కాను. మొదట బిగిసింది, తర్వాత పక్కకి జారింది, సుత్తి అరచేతిలో ఒరిగింది. ఇంత చిన్న వస్తువు, ఏ కరెంటూ లేకుండా, నా వేలికి "పడింది" అని చెబుతోంది. మావారిని కూడా నొక్కి చూడమన్నాను. ఆయన అప్పటిదాకా నా ముచ్చట కోసం చేస్తున్నారు. ఆ తర్వాత ఆయనకీ ఆసక్తి పుట్టింది.

చిల్లులు వేయడమే అసలు పని. 1.6 మి.మీ. బిట్. రివెట్ తెగిన చోట మధ్యలో ముందు సూదితో చిన్న గుంట పెట్టుకోవాలి, లేకపోతే బిట్ పక్కకి జారుతుంది. తిన్నగా నిలువుగా దిగాలి. వేగంగా తిప్పితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది. స్పేస్‌బార్ వైపు అంచు దగ్గర చోటు లేక డ్రిల్ పట్టదు. అక్కడ రెండు చిల్లులు వదిలేశాం. ఒకటీ రెండూ లేకపోయినా ఇబ్బంది లేదని అనుభవం ఉన్నవాళ్లు రాశారు, మాకూ ఇబ్బంది కనిపించలేదు. బిట్లు విరుగుతాయి, అర డజను కొనుక్కోండి. బిట్లు, వాటిని పట్టుకునే చిన్న చేతి పరికరం కలిపి 14 డాలర్లు. స్క్రూలు, నట్లు 11. ఆ స్క్రూలు దూరం నుంచి రావాల్సి రావడంతో పన్నెండు రోజులు పని ఆగింది. ఆ పన్నెండు రోజులు మా భోజనాల బల్ల మీద ఒక మూల పాత దుప్పటి కింద సుత్తులన్నీ పరిచే ఉన్నాయి. పిల్లల్ని అటు వెళ్లనివ్వలేదు.

తిరిగి అమర్చేటప్పుడు గొట్టాల పలకని బోర్లా పెట్టి, రెండు వైపులా పుస్తకాలతో ఎత్తు పెట్టాలి. స్ప్రింగులు కిందికి వేలాడుతుంటాయి, బల్లకి తగలకూడదు. ప్రతి సుత్తీ దాని చోటులో కూర్చుందో లేదో చూసుకుని రబ్బరు షీటు, మెంబ్రేన్, ఉక్కు పలక పెట్టాలి. ఉక్కు పలక వంపు తిరిగినది కాబట్టి ఒకరు అదిమి పట్టుకోవాలి, ఇంకొకరు బిగించాలి. మధ్య వరస నుంచి మొదలుపెట్టి అంచులకి వచ్చాం. మరీ బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది. నట్టు తగిలి ఆగాక పావు చుట్టు, అంతే. ఎర్త్ వైరు మళ్లీ తగిలించడం మరవకూడదు.

కీక్యాపులు పెట్టేటప్పుడు కీబోర్డుని నిలువుగా పట్టుకుంటే స్ప్రింగు కొస తిన్నగా క్యాపులోకి వెళ్తుంది. పెట్టిన వెంటనే నొక్కి వినాలి. "టక్" రాకపోతే తీసి మళ్లీ పెట్టాలి. నంబర్ల వైపు కొన్ని అలా మొండికేశాయి, చివరికి దారికొచ్చాయి.

ఇక కంప్యూటర్‌కి కలపడం. దీనిది పీఎస్/2 పిన్ను, యూఎస్‌బీ రాకముందుది. మందుల డబ్బా అంత కూడా లేని చవక అడాప్టర్ ముక్కలు దీనికి పనికిరావు, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. 13 డాలర్లు పెట్టి ఒకటి కొన్నాను. పని చేసింది, కానీ ల్యాప్‌టాప్ నిద్రలోంచి లేచినప్పుడల్లా కీబోర్డుని గుర్తుపట్టేది కాదు. ఊడదీసి పెట్టాలి. ఇంకో ఇబ్బంది, ఈ కీబోర్డులో విండోస్ కీ లేదు. ఇంగ్లిష్ నుంచి తెలుగుకి మారడానికి నేను విండోస్, స్పేస్‌బార్ కలిపి నొక్కుతాను. ఆల్ట్, షిఫ్ట్‌తో మారొచ్చు గానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అది వేరే పనికి వాడతాను. మా మరిది ఆ కన్వర్టర్ బదులు ప్రో మైక్రో అనే చిన్న బోర్డు తెచ్చి నాలుగు వైర్లు సోల్డర్ చేసి, ఉచితంగా దొరికే ఫర్మ్‌వేర్ ఎక్కించి ఇచ్చాడు. అన్నీ కలిపి 16 డాలర్లు. "క్యాప్స్ లాక్ నీకు తెలుగులో ఎందుకు వదినా, దాన్నే విండోస్ కీ చేసేశాను" అన్నాడు. ఎడమ చిటికెన వేలు కదిపి స్పేస్‌బార్ కొడితే చాలు, భాష మారిపోతుంది. మొత్తం ఖర్చు 190 డాలర్లు.

ఏప్రిల్ మూడో వారంలో మొదటిసారి పూర్తి పని దీని మీద చేశాను. కింది వరసా పై వరసా ఒకే గొంతుతో పలుకుతున్నాయి. మ, న, వ, ల, స అన్నీ తాకిన చోటే తెగుతున్నాయి. నాకు బాగా తెలిసింది 'డి' కీ దగ్గర. ఇన్‌స్క్రిప్ట్‌లో వత్తు కావాలంటే హల్లు, తర్వాత 'డి', తర్వాత రెండో హల్లు. "స్త్రీ" అని రాయాలంటే ఆ కీ రెండుసార్లు కొట్టాలి. ల్యాప్‌టాప్ మీద వేగంలో అది పడకపోతే "సతరీ" అని వచ్చేది. వెనక్కి వెళ్లి దిద్దుకోవడం నా రోజువారీ బాధ. ఇక్కడ 'డి' నొక్కితే సగం దాకా వేలికి బరువు పెరుగుతుంది, ఒక్కసారి బరువు మాయమవుతుంది, అదే క్షణంలో అక్షరం మీద పొల్లు పడుతుంది. పడలేదేమోనన్న అనుమానం లేదు. కళ్లు తెరమీద ఉంచక్కర్లేదు, చేతిలోని కాగితం చూస్తూ కొట్టొచ్చు. నాన్న చెప్పింది ఇదే.

కష్టాలూ ఉన్నాయి. మొదటి వారం చిటికెన వేలు బాగా నొప్పెట్టింది. ఈ కీలు ల్యాప్‌టాప్ కీలకంటే బరువు. కుడి చిటికెన వేలికి చ, ట, జ, డ పడతాయి, "చెట్టు", "జెండా" లాంటి మాటలు వరసగా వస్తే చేయి దించుకోవాల్సి వచ్చేది. రెండో వారానికి తగ్గింది. వేళ్ల కొసల మంట మాత్రం పూర్తిగా పోయింది, ఎందుకంటే స్ప్రింగు వంగగానే వేలు ఆగడం నేర్చుకుంది.

చప్పుడు గురించి మావారి మాటే చెప్పాలి. పక్క గదిలో ఆయన మీటింగులో ఉంటే అవతలివాళ్లు "ఏదో మిషన్ పని చేస్తున్నట్టుంది" అన్నారట. ఇప్పుడు నా బల్ల మేడమీద చివరి గదికి మారింది. రాత్రి తొమ్మిది దాటాక దీన్ని ముట్టను. స్ప్రింగుల్లో పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం ముక్కలు పెడితే ఆ గణగణ తగ్గుతుందంటారు. నాలుగు కీలకి పెట్టి చూశాను. గణగణతో పాటు వేలికి తెలిసే ఆ స్పష్టత కూడా కొంచెం మసకబారినట్టు అనిపించి తీసేశాను.

కొనేవాళ్లు అమ్మేవాళ్లని "పని చేస్తోందా" అని అడిగి ఊరుకోవద్దు. కీబోర్డుని మైకు దగ్గర ఊపి చూపించే వీడియో అడగండి. కింది వరసలో ప్రతి కీనీ మెల్లగా నొక్కి, తెరమీద అక్షరం ఎప్పుడు పడుతోందో చూపించమనండి. తీగ ఊడే రకమైతే తీగ కూడా ఇస్తున్నారా అని అడగండి, విడిగా కొనాలంటే దానికో ఖర్చు. ప్యాకింగ్‌కి పది డాలర్లు ఎక్కువ ఇస్తానని ముందే చెప్పండి. రివెట్లు పోయినవే వస్తాయని అనుకుని ధర మాట్లాడండి. నాది ఇంకా పూర్తవలేదు. నంబర్ల వైపు ప్లస్ కీ అప్పుడప్పుడు రెండుసార్లు పడుతోంది. వేసవి సెలవుల్లో మళ్లీ విప్పినప్పుడు ఆ సుత్తి సరిగ్గా కూర్చుందో లేదో చూసి, వదిలేసిన ఆ రెండు చిల్లులు కూడా వేయాలని అనుకుంటున్నాం.